పెద్దదాన్ని తియ్యమన్నారుగా

ఇబాదాన్ నగరంలో కెహిందే గారి ఫొటో స్టూడియో. దూరాన ఎనుగు అనే ఊరి వైపు నుంచి ఈమధ్యే వచ్చిన కంప్యూటర్ మెకానిక్ ఉచే, డిస్కుల పెట్టె ముందు కూర్చున్నాడు.

"ఇంకా టకటకమంటోందేంటి ఉచే? జబ్బు డిస్కు తీసేశావుగా."

"తీసేశానమ్మా. మీరే కదా దాన్ని రోకలితో చితక్కొట్టారు."

"కొట్టనా మరి? పోయినేడు ఎవరిదో పాత డిస్కు చెత్తలో దొరికితే, పెళ్ళికూతురి ఫొటోలు బజారంతా తిరిగాయి. నా స్టూడియోకి ఆ పేరొద్దు. అది సరే, ఈ చప్పుడేంటి?"

"ఉండండి, చూస్తున్నా. ఉన్న డిస్కులోంచి కొత్తదాన్లోకి కాపీ అవుతోంది. అయిపోతే మళ్ళీ రెండూ జంట. ఒకటి చెడినా రెండోదాంట్లో అన్నీ ఉంటాయి."

"తెలుసులే. అందుకేగా వాటికి తైవో, కెహిందే అని కవలలం మా అక్కచెల్లెళ్ళిద్దరి పేర్లు అంటించింది. ముందు నా చెల్లెలి వీడియో ఉందో లేదో చెప్పు. ఎల్లుండి శనివారం దాని కూతురు మొరెనికే పెళ్ళి. తల్లి దీవెన హాల్లో వెయ్యాలి."

"తల్లి అక్కడే నిలబడి దీవిస్తుందిగా? వీడియో ఎందుకూ?"

"బజారుకెళ్ళింది."

"శనివారం దాకా బజార్లోనే ఉంటుందా?"

"నీ పని నువ్వు చూడు నాయనా."

"చూస్తున్నా, చూస్తున్నా. కాపీ ఆగిపోయింది."

"ఆగడమేంటి?"

"మళ్ళీ కదిలింది. లేదు, ఆగింది. అమ్మా, ఒక్కమాట. ఫోన్లో మీరు పెద్దదాన్ని తియ్యమన్నారుగా?"

"పెద్దదాన్నే. దానికే కదా జబ్బు."

"అదే తీశాను. తైవో."

"ఏంటీ?"

"తైవో అని చీటీ ఉన్నది. మొదటి అరలోది."

"తైవో చిన్నది కదరా."

"ముందు పుట్టింది తైవో అని మీరే అన్నారు. పొద్దున అకారా వడలు తింటూ..."

"ముందు పుట్టింది కాబట్టే చిన్నది. పెద్దది లోపలే ఉండి, లోకం ఎలా ఉందో చూడమని చిన్నదాన్ని ముందు పంపిస్తుంది. ఇబాదాన్‌లో ఏ పసిపిల్లనడిగినా చెబుతుంది. కెహిందే అక్క, తైవో చెల్లి. నేనే అక్కని."

"మా వైపు ముందు పుట్టినవాళ్ళే పెద్దమ్మా."

"అయితే నేను రోకలితో కొట్టింది..."

"బాగున్నదాన్ని."

"అయ్యో నా తల్లీ."

"తప్పు నాది. ప్రతి డిస్కు మీదా ఒక నంబరుంటుంది. కంప్యూటర్ ఏ నంబరుకి జబ్బంటోందో దాంతో కలిపి చూడందే చెయ్యి పెట్టకూడదు. అందరికీ చెప్పేవాణ్ణి నేనే. పేరు చూసి లాగేశాను."

"ఆ ముక్కలు ఏరి అతికిస్తే?"

"లోపలి పలకలు పొడైపోయాయి. మీరు మామూలుగా కొట్టలేదు."

"ఏం చేద్దాం మరి? చెప్పు, ఏం చేద్దాం?"

"కాపీ ఆపేస్తున్నా. మొత్తం చదివిద్దామని కూర్చుంటే దీని ప్రాణం పోతుంది. ముందు ఆ ఒక్క వీడియో బయటికి లాగుదాం. అది ఇంకెక్కడైనా ఉందా? ఫోన్లో?"

"ఫోన్ నిండిపోతే తీసేశా. రెండు చోట్ల ఉందిగా అనుకున్నా."

"రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయమ్మా."

"ఇప్పుడా చెప్పేది?"

"ఆ పెన్‌డ్రైవ్ ఇటివ్వండి. ఈ వీడియోనేనా, మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నావిడది?"

"అదే. ముట్టుకోకు. కాదు, ముట్టుకో, లాగు."

"వస్తోంది. జనరేటర్లో పెట్రోలుందా?"

"పొద్దునే పోయించా. ఎంతొచ్చింది?"

"సగం దాటింది. ఆగింది."

"మళ్ళీ కదులుతుందిలే. ఇందాక కదిలిందిగా."

"చప్పుడు కూడా ఆగిపోయిందమ్మా. డిస్కే కనపడ్డం లేదు."

"వచ్చినంత వెయ్యి. మొహమన్నా చూస్తా."

"తెరుచుకోవడం లేదు. లాగోస్‌లో ఇలాంటివి బాగుచేసేవాళ్ళున్నారు. పంపితే తీస్తారేమో. వారాలు పడుతుంది."

"పెళ్ళి ఎల్లుండి."

"అందుకే అంటున్నా, కోప్పడకండి. ఆ బజారు ఎంత దూరమైనా సరే, బండి మీద వెళ్ళి మీ చెల్లెల్ని నేనే తీసుకొస్తా. ఇక్కడే కూర్చోబెట్టి మళ్ళీ తీద్దాం."

"ఉచే."

"అమ్మా."

"మావైపు కవలల్లో ఒకరు చచ్చిపోతే ఆ మాట నోటితో అనం. బజారుకెళ్ళిందంటాం."

"నాకు తెలీదమ్మా. నిజంగా తెలీదు."

"నీకెలా తెలుస్తుంది. కూతురి పెళ్ళి దాకా ఉండనని దానికి అర్థమైపోయింది. మంచంలో ఉండగా నాతోనే తీయించుకుంది. పెళ్ళినాడే వినిపించమంది. ఆ పిల్ల ఇంతవరకూ వినలేదు. రోజూ వచ్చి అడుగుతుంది, అమ్మ ఏం చెప్పిందీ పెద్దమ్మా అని."

"మీరు విన్నారుగా. మీరే చెప్పండి."

"ప్రతి మాటా నోటికొచ్చు. కానీ ఆ పిల్ల ఎదురుచూస్తున్నది పెద్దమ్మ కోసం కాదు."

"మరేం చేస్తారు?"

"చిన్నప్పుడు మాలో ఎవరు ఎవరో మా అమ్మే పోల్చుకోలేక చేతికి దారం కట్టేది."

"అమ్మా, అది అబద్ధం కాదా?"

"మాటలు దానివే. ఒక్కటి కూడా నాది కలపను."

"ఆ పిల్ల కనిపెడితే?"

"కనిపెడితే నన్ను తిట్టనీ. తల్లి ఏమీ చెప్పకుండా పోయిందనుకోవడం కంటే అదే నయం. లే, కెమెరా బిగించు. బిగించాక నన్ను అమ్మా అనకు ఉచే, తైవో అని పిలువు."