రాసినోడు బావ, చూసినోడు బావ

వన్‌టౌన్ టీకొట్టులో పక్కబల్ల మీద ఇద్దరు ఒకే లాప్‌టాప్‌లోకి చూస్తున్నారు.

"ఏటి బావా, ఫర్నేసు వేడి కొలిసే కార్డుకి మనం రాసిన డ్రైవర్ ప్రోగ్రాముని లినక్స్‌లో కలిపీసినారా?"

"లినక్సోళ్ళు తిప్పి పంపీసినారు. రేపటికి సరిసెయ్యకపోతే, లినక్స్ మారినప్పుడల్లా డ్రైవర్ని మార్సడానికి ఆ ఫర్నేసు కాడికెల్లి నానే మాడాల."

"కోడ్‌లో తప్పేటి?"

"కోడ్ బాగుందంట. రాసినోడు బావ, సరిసూసినోడూ బావే అని పేర్ల కాడ పెట్టినాం గదా. ఒకడే రెండు ఏసాలేత్తన్నాడా అని అడుగుతన్నారు."

"అయితే అమ్మ పెట్టిన పేర్లు పెట్టీ."

"నాది పెట్టీసినాను. నీ పేరేటి బావా?"

"సిగ్గులేదేటి? నాలుగేళ్ళు పక్కనే కూకుని నా పేరు తెల్దా?"

"నా పేరు సెప్పు సూద్దాం."

"టీ సల్లారిపోతంది, తాగు బావా."