దలా అవతల నీళ్ళకుండ

నది అవతలి దలా ఊరికి వెళ్ళే ఫెర్రీలో, కొత్త మట్టికుండను ఒళ్ళో పెట్టుకున్న అక్క పక్కన తమ్ముడు కూర్చున్నాడు. వాళ్ళమ్మ పోయాక ఇదే మొదటి ఎండాకాలం.

“రేవు దిగాక ఏటెక్కాలి అక్కా?”

“ట్రక్కు. అందరితోపాటు ఎనకాల కూకుంటే చవక. రాత్రికి పొంజీల బౌద్ధ మఠంలో ఆ సాములు పడుకోనిస్తారు, అన్నం కూడా పెడతారు.”

“అంత దూరమెల్లి సూసేదేటి? కొండా లేదు, గుడీ లేదు. ఎటు సూసినా వరిమడులే గదా.”

“సూడ్డానికి కాదురా. ఆ దారంట ఒక్క చెట్టుండదు. నడిచెల్లేవోళ్ళ కోసం దారి పక్కన నీళ్ళకుండలు పెడతారు. అమ్మ ఏటా ఒకటి పెట్టేది.”

“తెలుసు. దాని మీద నా పేరు రాయించేదంట గదా. నా పేరెందుకు? నాకేటి లోటని?”

అక్క కుండను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“అమ్మా నాన్నా కోతలకి ఆ దారినే నడిచెల్లేవోరు. ఓ ఏడు అమ్మ సంకలో పిల్లోడున్నాడు. ఆడికి వడదెబ్బ కొట్టింది. అమ్మ నీళ్ళకోసం పరిగెత్తింది. దారి పక్క కుండలో చుక్క లేదు.”

“ఏ పిల్లోడు?”

“సూరి.”

“సూరి నేను గదక్కా.”

“నువ్వు రెండేళ్ళ తరవాత పుట్టినావు. పోయినోడి పేరే నీకెట్టింది.”

ఫెర్రీ రేవుకు ఆనింది. జనం మూటలతో లేచారు. తమ్ముడు మాత్రం లేవలేదు.

“కుండ నాకియ్యి అక్కా. ట్రక్కు కుదుపులకి పగిలిపోద్ది. నేను ఒళ్ళో ఎట్టుకుంటాను.”