పేరయ్య తల దించిన ఈత

పేరయ్యకి అప్పటికే అరవై దాటేశాయనుకోండి. అయినా గోదారి ఈదాల్సింది ఆయనే. ఎందుకంటే, ఏటా కొత్తనీరు రాగానే అవతల లంకలో ఉన్న లంకాలమ్మకి ఊరి సారె వెళ్ళాలి. పసుపు, కుంకం రవికల గుడ్డలో మూటగట్టి, పడవ మీద కాదు సుమా, ఈతగాడి నెత్తినే వెళ్ళాలి. ఆ వంతు పేరయ్య ఇంటిది. మూట తడవకూడదు. అందుకని ఆళ్ళ తాతల్నాటి నుంచీ తల పైకెత్తే ఈదేవోళ్ళంట. వయసులో ఉన్నప్పుడు చెల్లిందిలే. ముసలితనంలో ఏమైందంటే, పోయినేడు నడి గోదాట్లో కాళ్ళు దిగిపోయి, పడవోళ్ళు జుట్టు పట్టుకుని లాగేరు. పెద్దలు పిలిచి, పేరయ్యా, ఈసారీ ఇలాగే అయితే సారె వేరే ఇంటికిచ్చేస్తాం, నీ పరువు కోసం అమ్మకి సారె ఎగ్గొట్టలేం అన్నారంట. నలుగురిలో ఆ మాట పడేసరికి మనిషి అన్నం మానేసేడు. పాపం, ఈత తప్ప ఇంకేం తెలుసాయనకి?

ఆయన పెళ్ళాం ఆదెమ్మ ఉందే, ఆవిడ ఊరుకునే మనిషి కాదు. పొద్దున్నే రేవుకి లాక్కెళ్ళి, ఏదీ ఈదు చూద్దాం అంది. ఈదేడు. దబాదబా నీళ్ళని బాదేస్తున్నాడు. చాల్లే మావా, గోదారమ్మ నీకేం అపకారం చేసిందని ఆ కొట్టుడు? కావిడి మొయ్యలేదా ఎప్పుడూ? ఒక కొస లేస్తే రెండో కొస దిగదా? నువ్వు తల లేపుతున్నావు, కాళ్ళు దిగుతున్నాయి. మొహం నీళ్ళలో పెట్టు, ఊపిరి కావాలంటే పక్కకి ఒరుగు, చెయ్యి బారజాపి నెమ్మదిగా లాక్కో అంది. ఓసే, మా వంశంలో తల దించి ఈదినోడు లేడే అన్నాడంట. మునిగినోడు ఉన్నాడుగా, పోయినేడు చూశాం అంది. నవ్వకండి, మీ ఇళ్ళల్లో జరగనిదా? ఇంక రోజూ అదే పని. తల దించు, ఒరుగు, చాపు, లాగు. నీళ్ళు మింగేడు, దగ్గేడు, తిట్టేడు, మళ్ళీ దిగేడు. పోనుపోను ఒళ్ళు తేలడం మొదలెట్టింది. ఆయనకే వింత! పుట్టి బుద్ధెరిగి ఈదిన నీళ్ళే, ఇలా మోస్తాయని తెలీదే అనుకున్నాడు. మరి నెత్తిన మూటుంటే తల దించేదెలా? ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

సారె రోజొచ్చింది. ఊరంతా గట్టు మీదే. మూట నెత్తిన కట్టించుకుని దిగేడు. తల ఎత్తుకునే సగం దాకా వెళ్ళేడు. అక్కడ నీటి వడి లాగింది. మెడ పీకేస్తోంది, కాళ్ళు దిగిపోతున్నాయి, పడవోళ్ళు అందించడానికి గెడ ఎత్తేరు. తల ఎత్తితే తను మునుగుతాడు, దించితే సారె మునుగుద్ది. ఏం చెయ్యాలి చెప్పండి? తల్లీ, తప్పో ఒప్పో నీకే వదిలేస్తున్నా అనుకుని, తల దించేసేడంట. అంతే! మనిషి తేలిపోయేడు. ఒరుగుతున్నాడు, చాపుతున్నాడు, లాగుతున్నాడు. చప్పుడు లేదు, నురగ లేదు. గోదారే చేతుల మీద దాటిస్తున్నట్టుందంట. తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

లంకలో లేచి మూట విప్పితే ఏముంది, వట్టి తడిగుడ్డ. పసుపూ కుంకం గోదాట్లో కలిసిపోయేయి. ఆ గుడ్డే పట్టుకుని, అమ్మా, నీ సారె పోగొట్టేశానమ్మా అని ఏడుస్తా గుడి తలుపు తీసేడంట. ఆ తలుపు ఏడాదికోసారి సారె వచ్చినప్పుడే తీస్తారు. తీసి, లోపలికి చూసేడు. అమ్మవారి మొహం నిండా తడి పసుపు, ఇంకా బొట్లుబొట్లుగా కారతా ఉంది. నుదుట కుంకం!

ఎవరు పెట్టేరంటే నేనేం చెప్పను? అప్పట్నుంచీ ఆ ఊరి సారె తడిసే వెళ్తుంది. పేరయ్య ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు ఈదేడంట. ఎవరైనా పొగిడితే, నాదేముంది, తల దించేను, అమ్మ దాటించింది అనేవోడంట. పక్కనుంచి ఆదెమ్మ, దించమన్నదెవరో కూడా చెప్పు మావా అనేదంట.