సముద్రపురి కుర్చీ

స్టాఫు రూము. పక్క హాల్లో పిల్లలు ఐక్యరాజ్య సమితి ఆటకి బల్లలు సర్దుతున్నారు. ఇంగ్లీషు టీచరు విమలమ్మ దగ్గరికి పదో తరగతి సీతాలు ఒక కుర్చీ అడగడానికి వచ్చింది.

"ఆ ఒక్కటీ తప్ప ఇంకే కుర్చీ అయినా తీసుకెళ్ళు."

"ఇంకెక్కడున్నాయండీ టీచరు గారూ? హెడ్మాస్టరు గారి కుర్చీ కూడా అమెరికాకి ఇచ్చేసినాం."

"ఆయన ఒప్పుకున్నారా?"

"అమెరికాకి అంటే ఒప్పుకున్నారండి. అమెరికా అంటే ఎల్లాజీ అని మాత్రం సెప్పలేదు."

"బాగుంది. రష్యా ఎవరు?"

"అప్పలసూరండి. ఆళ్ళ నాన్న స్టీలు ప్లాంటులో రష్యా ఇంజినీర్లకి జీపు నడుపుతారు కదా, ఇంకెవరికీ ఇవ్వనన్నాడు. పొద్దుట్నించీ అన్నిటికీ వీటో. మంచినీళ్ళకి ఎళ్దామన్నా వీటో."

"మరి నువ్వు?"

"సముద్రపురి అధ్యక్షురాలినండి. మేం కల్పించుకున్న దేశం. మా సైన్యాధిపతి నన్ను దింపేసి నా కుర్చీలో కూకున్నాడు. ఇప్పుడు సమితిలో మా దేశం సీట్లో ఆడి మనిషి కూకోవాలా, నా మనిషి కూకోవాలా? అదీ తగువు."

"ఏం తేల్చారు?"

"బ్రిటన్ ఖాళీగా ఉంచేద్దామంది."

"సరిగ్గానే అంది. ఖాళీగా ఉంటే ఎవరికీ అన్యాయం జరగదు."

"మీరూ బ్రిటన్ పక్షమేనేటండి?"

"ఇంగ్లీషు టీచర్ని. ఇంకెవరి పక్షం ఉంటాను?"

"నాను ఒప్పుకోలేదండి. మా జాలరిపేటలో మనిషి పోతే పడవలో ఆ చోటు ఖాళీగా ఉంచరు. బరువు ఒక పక్కకైపోయి పడవ ఒరిగిపోద్ది."

"అయితే మీ సైన్యాధిపతి మంచి పనే చేశాడు. చోటు నింపాడు."

"అది కాదండి. మా కాడ కొత్తోడు ముందు ఆ పోయినోడి ఇంటి ఆడమనిషి దగ్గరికెళ్ళి అడుగుతాడు. ఆవిడ ఊఁ అంటేనే పడవెక్కుతాడు. మా సైన్యాధిపతి ఎవుర్నీ అడగలేదు. కూకోడం కాదండి, అడక్కపోడం తప్పు."

"ఆవిడ ఊఁ అనకపోతే?"

"ఎల్లిపోతాడండి. మళ్ళీ మర్నాడొస్తాడు."

"అప్పుడూ అనకపోతే?"

"మా మావ పోయినప్పుడు మా మేనత్త చిలకమ్మ చానా రోజులు అనలేదండి. అన్నరోజు ఏడ్సింది. ఆ తర్వాత ఆ కొత్తోడికి తనే సద్దన్నం కట్టి పంపేది."

"ఇవన్నీ తీర్మానంలో రాశావా?"

"సద్దన్నం రాయలేదండి. అప్పలసూరి దానికి కూడా వీటో అంటాడు."

"సీతాలూ, నువ్వు తెలివైనదానివి. అయినా ఆ కుర్చీ ఇవ్వను."

"దేవకుమార్ మాస్టారిదని తెలుసండి. ఈ ఆట మాకు నేర్పింది ఆయనే కదా."

"తెలిసే అడుగుతున్నావా?"

"ఆయన పోయి వానాకాలం కూడా ఎళ్ళిపోయిందండి. మీ ఇంటికాడ ఆయన కుర్చీ ఇంకోటి ఉంటాది కదా?"

"ఉంది. మా ఆయన పోయాక అందులోనూ ఎవరూ కూర్చోలేదు."

"అయితే ఇదన్నా ఇవ్వండి."

"పదవి పోయిన అధ్యక్షురాలికి కుర్చీ ఎందుకే? వెళ్ళి బెంచీ మీద కూర్చో."

"నాకు కాదండి."

"మరెవరికి?"

"శ్రీరామ్మూర్తి మాస్టారికి. సభ నడిపేది ఆయనే."

"దేవకుమార్ గారి చోట్లోకి వచ్చినాయన. అలా అను."

"అవునండి."

"ఆయన పంపించారా నిన్ను?"

"లేదండి. ఆయనకి తెలీదు. ఒచ్చినకాడ్నించీ ఈ గదిలో ఆ కిటికీ గట్టు మీదే కూకుంటన్నారు. మా కాంపోజిషన్లు మోకాలి మీదెట్టుకుని దిద్దుతన్నారు. మీరు సూళ్ళేదాండి?"

"చూడకుండా ఎలా ఉంటాను."

"రోజూ ఆ కుర్చీ అడుగుదామని మీ బల్ల దాకా వస్తన్నారండి. వొచ్చి ఒక చాక్‌పీసు అడిగి ఎల్లిపోతన్నారు."

"పాఠం చెప్పడానికి అన్ని చాక్‌పీసులు ఎందుకా అనుకున్నాను."

"జేబు నిండా అయ్యేనండి. చొక్కా అంతా తెలుపే."

"నీకు నవ్వు వస్తోంది కదూ?"

"మీకూ వస్తంది టీచరు గారూ. ఆయనకేటి సెప్పమంటారండి?"

"నా దగ్గర ఇవాళ చాక్‌పీసులు లేవని చెప్పు."

"అంతేనాండి?"

"వచ్చేటప్పుడు ఒక అట్టముక్క తెమ్మను. ఆ కుర్చీకి వెనక కాలు ఒకటి పొట్టి."