చంద్రుని జాగ

చొప్పదండి పోస్టాఫీసు కిటికీలోంచి ఒకావిడ బొమ్మ గీసి, ఆ బొమ్మ వైపే స్టాంపు అంటించిన కార్డు అందించింది. లోపలున్న గుమాస్తా ముద్ర పైకెత్తాడు.

“అన్నా, జర ఆగుండ్రి! ఏడ గుద్దుతున్నరు?”

“స్టాంపు మీదనే అక్కా. ఇంకేడ గుద్దుతరు?”

“స్టాంపు అంచు మీదికెల్లి గుట్ట పైన పడాలె. ఆకాశంల చంద్రుని గియ్యలే. మీ గుండ్రటి ముద్రనే చంద్రుడు.”

“ఎవలకు పంపుతున్నరు?”

“ఖానాపూర్ల మమతారాణికి. ఆమె గూడ బొమ్మలేస్తది. ఇద్దరం ఎన్నడు కలువలే. గీ కార్డులతోనే దోస్తులమైనం.”

“ఫోన్ల ఫోటో పంపరాదు?”

“ఫోన్ల ముద్ర పడ్తదా అన్నా? మొన్న ఆమె చక్రం లేని బండి గీసి పంపింది. అక్కడి ముద్ర సక్కగ చక్రం జాగల పడ్డది. దాన్ని చూసి పొద్దంత నవ్వుకున్న.”

“అక్కడి పోస్టాఫీసుల గుద్దేది మా భూమన్ననే. గంత సక్కగ గుద్దిండా?”

“అవును. నా కార్డు మీదనేమో పోయినసారి మేక మొకం నల్లగైంది.”

“అది నేను గుద్దిందే. ఇప్పుడు మల్ల గుద్దాలంటె భయమైతుందక్కా.”

“నేను కండ్లు మూసుకుంట. గుద్దుండ్రి.”

ఠప్పుమని చప్పుడైంది.

“పడ్డదా అన్నా?”

“సగం ముద్రనే గుట్ట పైకి వచ్చింది.”

“ఏదీ? అయ్యో, మంచిగుంది! చంద్రుడు అప్పుడే లేస్తున్నట్టుంది. మరి మీరెందుకు పరేషానైతుండ్రు?”

“అక్కడికి పోయినంక ఇంకో ముద్ర పడ్తది గద!”

అతను ఫోన్ తీశాడు.

“భూమన్నా, రేపో ఎల్లుండో నీకొక కార్డొస్తది. నీ ముద్ర ఎన్క దిక్కు గుద్దు. ముంగట మా చంద్రుడు లేస్తుండు.”