రోలు కింద, బండ పైన

ఏందే, ఏమన్నావ్? రోలు ఇక్కడుంటే దాని పచ్చడిబండ మూడో అంతస్తులో మీ పెద్దమ్మమ్మ దగ్గర ఎందుకుందనా? హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒకళ్ళకి అనుమానం వచ్చింది. కూర్చో. ఊరికే కూర్చోకు, ఆ గోంగూర కట్ట ఇట్టా లాక్కుని ఆకు తుంచుతూ విను. ఫోన్లో రికార్డు చేస్తున్నావా? చేసుకో. మీ తాతయ్యకి మాత్రం వినిపించకు, అసలే పొగరు.

ఆ రోలు మా అత్తగారిది. మార్టూరు వైపు రాళ్ళు కొట్టే ఒకాయన చేత కొట్టించిందంట. డబ్బులు కూడా కాదు, రెండు గోతాలు... కాదులే, ఒక్క గోతమే, ఎండు మిరపకాయలు ఇచ్చి. అప్పట్లో మిరపకాయలకి ఏం ధరలే తల్లీ, గోతం పోస్తేగానీ రోలు రాలేదు. సరే, ఎటో పోతున్నా. ఆ రోట్లో నూరిన పచ్చడి రుచే వేరు. మిక్సీలో వేసింది పచ్చడా? పళ్ళు తోముకునే పేస్టు.

పొలాలు రాజధానికి ఇచ్చేశాక, ఊళ్ళో ఇల్లు తీసేసి ఇట్టా ఫ్లాట్లలోకి వచ్చాం గదా. మేం కింద, అక్క పైన. అక్కంటే నా తోడికోడలే, మీ పెద్దమ్మమ్మ. బావగారు పోయాక పైన ఒక్కతే ఉంటోంది. మంచాలు, బీరువాలు, ఇత్తడి బిందెలు అన్నీ గొడవ లేకుండా పంచుకున్నాం. రోలు దగ్గరకొచ్చేసరికి బిగుసుకుంది. "పెద్దకోడల్ని, నాది" అంటుంది ఆవిడ. "అత్తయ్యకి చివరిదాకా నూరిపెట్టింది నేను, నాది" అంటాను నేను. అంతే, మాటలు పోయాయి. లిఫ్టులో ఎదురుపడితే ఆవిడ అద్దంలోకి చూసుకునేది, నేను అంకెల వంక చూసేదాన్ని. రోలేమో తేలేదాకా పార్కింగులో మీ తాతయ్య స్కూటర్ పక్కన పడుంది. ఒకరోజు చూద్దును గదా, వాచ్‌మన్ దాంట్లో చెప్పులు పెట్టుకున్నాడు! అత్తయ్య రోట్లో చెప్పులు! నాకు ఏడుపొచ్చిందే, నిజం చెబుతున్నా.

మీ మావయ్య బెంగుళూరు నుంచి ఓ ఆట పట్టుకొచ్చింది అప్పుడే. అట్ట మీద గళ్ళు, బుల్లి బుల్లి చెక్క ఇళ్ళు. తలా ఓ రంగు. వంతులవారీగా గడికో ఇల్లు పెట్టాలి. ఒకదాన్నొకటి తాకుతూ ఎవరి ఇళ్ళు ఎక్కువుంటే ఆ రాజ్యం వాళ్ళది. "మీ ఇద్దరి గొడవా దీంతో తేల్చుకోండి, గెలిచినవాళ్ళదే రోలు" అన్నాడు వాడు. వాడి మాటకేం గానీ, అక్క "సై" అనేసింది. ఆవిడ అన్నాక నేనెట్టా తగ్గుతాను?

ముగ్గురుండాలంట ఆటకి. మీ తాతయ్య పేపరు చదువుకుంటుంటే లాక్కొచ్చి కూర్చోబెట్టాం. ఎర్ర ఇళ్ళు మిరపకాయల్లా ఉన్నాయని అక్క ముందే దగ్గరకి లాగేసుకుంది. నేను తెల్లవి తీసుకున్నా, పత్తి చేను అనుకుని. ఆయనకి పసుపువి మిగిలాయి.

ఇంక చూడు. నేనిటు, ఆవిడటు. మాట్లాడుకోం గదా, మధ్యలో మీ మావయ్య. "ఒరేయ్, మీ పెద్దమ్మని ఆ ఇల్లు గట్టు మీంచి దించమను" అంటాను. "మీ అమ్మని ముందు గట్టు చెక్కడం మానమను" అంటుంది. వాడు బుర్ర గోక్కుని, "గట్టేంటమ్మా? అవి ఖాళీ గళ్ళు, ఎవరైనా పెట్టుకోవచ్చు" అన్నాడు.

"గట్టు లేకుండా పొలం ఏందిరా? మందు కొట్టడానికి ఎట్టా నడుస్తావ్?" అన్నాను నేను. అక్క నా వంక చూడలేదు గానీ, అవునన్నట్టు తలూపింది. నేను చూశాను. ఆ వరస గళ్ళు ఇద్దరం వదిలేశాం. అదంతేనే, రెండు చేల మధ్య గట్టు ఎవరిదీ కాదు, ఇద్దరిదీనూ.

అదొక్కటేనా! నేను ఎద్దులబండి పోవద్దా అని మధ్యలో డొంకకి దారి వదిలా. మరి బండేదీ అంటావ్, బండి లేదు, అది వేరే సంగతి. అక్కేమో నడిమధ్యన అరచెయ్యంత చోటు ఖాళీగా పెట్టుకుంది. "పెద్దమ్మా, అక్కడ పెట్టకపోతే నీ ఇళ్ళు విడిపోతాయి" అని వీడు మొత్తుకుంటుంటే, "అది కల్లం రా. కాయలు నీ నెత్తిన ఆరబోసుకోనా?" అంది. నాకు నవ్వాగలేదు. మొహం అటు తిప్పుకుని నవ్వా, ఆవిడకి కనపడకుండా.

మీ తాతయ్య సంగతే మరిచిపోయాం. ఆయన వంతు రాగానే ఓ ఇల్లు పెట్టడం, మళ్ళీ పేపరు. చివర్లో మీ మావయ్య లెక్క చూసి, "అమ్మా... నాన్న గెలిచాడు" అన్నాడు.

ఎట్టా గెలిచాడని చూస్తే, ఈ చివర్నించి ఆ చివరికి పసుపు ఇళ్ళు, చీమల బారులాగా. ఎక్కడ? గట్టు మీద! నా తెల్లవి డొంకకి అటు కాసిని ఇటు కాసిని. అక్కవి కల్లం చుట్టూ చెల్లాచెదురు. ఈయనేమో నింపాదిగా, "గట్టంతా ఖాళీగా ఉంది గదా, కందులు వేశా" అన్నాడు. పొలం ఉన్న రోజుల్లోనూ అదే బుద్ధి మనిషికి, జానెడు గట్టు కనిపిస్తే కంది వేసేవాడు.

"అది గట్టూ!" అని అరిచాం, ఇద్దరం ఒక్కసారే. అక్క అంతెత్తున లేచి, నా భుజం పట్టుకుని, "చూశావటే అన్నపూర్ణా, మీ ఆయన చేసిన పని!" అంది.

నన్నే. నా పేరు పెట్టి, నా మొహంలోకి చూసి. ఏడాది పైనైందే ఆ పిలుపు విని. రోలు లేదు, గీలు లేదు, నాకేం గుర్తులేదు. "చూశానక్కా, ఈయన ఎప్పుడూ ఇంతే!" అన్నా. ఇంక ఇద్దరం కలిసి ఆయన్ని దులిపేశాం చూడూ, పాత బాకీలన్నీ తీరేట్టు.  అంతా అయ్యాక మీ తాతయ్య లేచి, "గెలిచినవాళ్ళదే రోలన్నారుగా. నాది. పైన దంచితే కింది వాళ్ళు గోల చేస్తారు, కాబట్టి ఇక్కడుంటుంది. బండ మాత్రం వదిన దగ్గరుంటుంది" అన్నాడు.

అదీ సంగతి. ఇప్పుడు పచ్చడి నూరాలంటే నేను ఫోన్ చేసి "అక్కా, గోంగూర" అంటా, అంతే. ఇందాకే చేశా. వేరే బండ కొనుక్కోలేకనా? ఆ మధ్య మీ మావయ్య తెచ్చాడు కూడా, గుండ్రంగా, నున్నగా, బాగానే ఉంది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నా, అదుగో. నాకెందుకు వేరే బండ?

అయిందా ఆకు తుంచడం? కాడలు తీసెయ్యి. నా బంగారు తల్లివి, చల్లగా ఉండు. మంచి మొగుడు రావాలని అందరూ దీవిస్తారు, నేనట్టా అనను, నీకు మంచి తోడికోడలు దొరకాలి. మొగుడిదేముంది, ఇద్దరూ కలిసి తిడితే దారికొస్తాడు.

అదుగో, బెల్లు. మోకాళ్ళు పట్టేశాయంటూనే మోసుకొచ్చింది. వెళ్ళి తలుపు తియ్యవే. బండ అందుకోవాలని మాత్రం చూడకు, ఇవ్వదు.