తుమ్మకంప పాతిన మూల

"నాయనమ్మా, మన కుంటలో ఇదివరకు ఏమేం చేపలుండేవి?"

ఏమేం ఉండేవా? ఏం లేవో అడగవే, తొందరగా తేలిపోద్ది. జెల్లలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు... ఇంక నత్తలూ పీతలూ అయితే లెక్కే లేదు. అర్ధరూపాయికి గంపెడు బొమ్మిడాయిలు వచ్చేవి పెనుమూడిలో. కాదు కాదు, రేపల్లెలో. పెనుమూడిలో ఎవరు కొంటారు, ఇంటికో వల ఉంటే! మా అత్తగారు మామిడికాయ వేసి పులుసు పెడితేనా, అబ్బ! ఆవిడ నోరు ఎంత చేదో చెయ్యి అంత తీపి. సరే, ఆవిడ గొడవ ఇప్పుడెందుకులే.

కొర్రమీను సంగతి చెప్పాలి నీకు. తొలకరి వానలకి అది పిల్లల్ని చేస్తుంది. నీళ్లమీద కుంకుమ పోసినట్టు ఎర్రగా, ఒక్క గుంపుగా తిరుగుతాయి ఆ పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా. ఆ ఎరుపు కనపడిందంటే మీ తాతయ్య ఆ మూల తుమ్మకంప పాతేసేవాడు. కంప ఉన్నచోట ఎవరూ వల వెయ్యకూడదు, ఎంత ఆకలైనా సరే. ఒకసారి మీ నాన్న అక్కడ గాలం వేశాడని ఆ పూట అన్నం పెట్టొద్దన్నాడు ఆయన. తర్వాత నేను పెట్టాననుకో, అది వేరే సంగతి.

ఇప్పుడేముంది? వల వేస్తే దెయ్యం చేపలు! ఒళ్లంతా పెంకు, ముళ్లు. చుట్టుకున్నాయంటే వల కోసి తియ్యాల్సిందే. గట్టుమీద పారేస్తే పూట గడిచినా చావవు. పిల్లి కూడా వాసన చూసి పోద్ది. పైగా మిగతా చేపల గుడ్లు తినేస్తాయంట. మొన్న పక్కింటి కోటయ్య కొత్త వల చిరిగింది. "కృష్ణ వరదలో వచ్చాయంటారు గానీ, ఎవడో తెచ్చి వదిలాడు పిన్నీ, వాడి చేతులు పడిపోను" అని తిట్టాడు. "అవున్రా, పడిపోవాలి" అన్నాను నేను. ఏమనమంటావు మరి?

ఏంటా చూపు? మర్చిపోయావా? ఐదో క్లాసులో తెనాల్లో గాజుతొట్టి కొనిపించుకోలా నువ్వు? అందులో అద్దానికి అంటుకుని పాచి తినే నల్లచేపలు రెండు. అవి జానెడు పెరిగేసరికి తొట్టి చాల్లేదు. మీ అమ్మ పారెయ్యమంది, నువ్వేమో ఒకటే ఏడుపు. రేపల్లె రైల్లో బకెట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. నాకూ జాలేసింది. ప్రాణం గదా, మన కుంటలో బతుకుతాయిలే అని నా చేత్తోనే వంచాను. నా చేత్తోనే! వరదలో వచ్చాయో, ఆ రెండే ఇన్నయ్యాయో దేవుడికి తెలియాలి. నాకు మాత్రం ఆ బకెట్టు చూస్తే ఒళ్లు మండిపోద్ది. నీమీద కాదే, నామీదే.

అందుకే రోజూ పొద్దున్నే చేతివల పట్టుకుని పోతున్నా, ఈ మోకాళ్లతో. దొరికిన దెయ్యం చేపల్ని దొరికినట్టు గట్టుమీదకి విసిరేసి వస్తున్నా. ముసలిదానికి చేపల పిచ్చి పట్టిందంటున్నారు నలుగురూ. అననీ.

నాలుగేళ్లయింది ఆ ఎరుపు కనపడి. నిన్న కనపడింది. తూము పక్కన, మహా అయితే చారెడు. కంప నేనే పాతాను, ఇదుగో చెయ్యి గీరుకుపోయింది చూడు. నువ్వు ఫొటో అంటూ అటు దిగావంటే కాళ్లు విరగ్గొడతాను... సరే, గట్టుమీంచి చూడు. గట్టుమీంచే. చల్లగా ఉండు తల్లీ, నూరేళ్లుండు. చేపల్ని మాత్రం కొనకు.